అతుకు తప్పని ఇటుక

డెన్మార్కు దేశమున బిల్లుండ్ గ్రామపు వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో కొయ్యబొమ్మలు చేయనారంభించెను. ఆంగ్లేయుడైన హిలరీ పేజ్ కల్పించిన మాదిరి ననుసరించి, ఆయన సంస్థ యగు లెగో 1949లో పిల్లల ఆటకై ప్లాస్టిక్ ఇటుకలను వెలువరించెను. లోపల డొల్లగుటచే వానికి పట్టు చాలకుండెను. ఓలే కుమారుడు గాట్‌ఫ్రెడ్ లోపల గొట్టము లమర్చి, 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసెను. క్రింది ఇటుక బొడిపెలు పైదాని గొట్టముల నడుమ బిగిసి నిలిచెను. ఆ కొలత మారలేదు. నాటి ఇటుకకు నేటి ఇటుక ఇప్పటికిని అతుకుచున్నది.

ఊరు విడిచి తరములు గడచిన మన కుటుంబములు దీనిని గమనింపవలెనని మేము తలంతుము. పొరుగు భాషల రంగు సోకిన సోకుగాక. తాత పలుకు మనుమని పలుకునకు అతుకవలెను.