విద్యార్థికి ఎంత బోధపడింది? – ముస్లిం వైద్యవిద్యా చరిత్ర చెప్పే పాఠం

ఎనిమిదో తరగతి పిల్లవానిని పిలిచి సాంద్రీకరణం అంటే ఏమిటని అడగండి. నీటి ఆవిరి చల్లబడి నీరుగా మారడమని తడుముకోకుండా చెబుతాడు. తరువాత మంచుముక్కలు వేసిన గాజుగ్లాసును అతని ముందుంచి, దాని వెలుపలి వైపున పేరుకున్న నీటిబొట్లు ఎక్కడి నుండి వచ్చాయని అడగండి. గ్లాసులోని నీరే బయటికి ఊరిందని చెప్పే పిల్లలు ఎందరో ఉంటారు. నిర్వచనం వారికి కంఠస్థం; దానికి మార్కులు కూడా పడతాయి. కాని మన చుట్టూ ఉన్న గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి ఉందన్న సంగతి వారి మనసుకు ఎక్కలేదు. ఈ తేడాను పట్టుకోలేని పరీక్ష ఎన్ని గంటలు జరిపినా ఉపాధ్యాయునికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఈ చిక్కు మన కాలంలో పుట్టినది కాదు. శాస్త్రాలు బోధించిన పూర్వపు ముస్లిం ప్రపంచం కూడా దీనిని ఎదుర్కొంది. ముఖ్యంగా వైద్యవిద్యలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. విద్యార్థి తప్పుగా గ్రహిస్తే ఆ తప్పుకు మూల్యం చెల్లించేది రోగి. ఆనాటి గురువులు అనుసరించిన పద్ధతులనూ, వాటి లోపాలనూ ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రశ్నతో మొదలు

ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలోని విద్యా ప్రకరణంలో ఒక అధ్యాయానికి, సహచరుల విజ్ఞానాన్ని పరీక్షించడానికి నాయకుడు వారిని ప్రశ్నించడం అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. అందులోని సంఘటన పాఠకులలో చాలామందికి తెలిసినదే. ఆకులు రాలని చెట్టు ఒకటుంది, అది విశ్వాసిని పోలినది, అదేమిటో చెప్పండని దైవప్రవక్త (స) తమ సహచరులను అడిగారు. అందరి ఆలోచనలూ అడవిచెట్ల మీదికి పోయాయి. అది ఖర్జూరపు చెట్టని అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మనసుకు తోచింది. కాని ఆ సభలో తాను చిన్నవాడు. బిడియపడి నోరు విప్పలేదు. ఆ సంగతి తరువాత తండ్రితో చెప్పినప్పుడు, నువ్వు ఆ మాట అక్కడే చెప్పి ఉంటే నాకెంతో సంతోషం కలిగేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు.

ఇక్కడ ఉపాధ్యాయుడు గమనించవలసిన విషయాలు రెండున్నాయి. ఒకటి, ఆ ప్రశ్నకు జవాబు ముందుగా నేర్పి ఉంచినది కాదు. ఎరిగిన సంగతులను కలిపి ఆలోచిస్తే తప్ప దొరకదు. రెండు, మౌనంగా కూర్చున్న కుర్రవాడు తెలియనివాడు కాదు.

రోగి ముందు కూర్చున్న విద్యార్థులు

బాగ్దాదులో గ్రీకు వైద్యగ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం క్రీ.శ. 873) విద్యార్థుల కోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక గ్రంథం రాశాడు. ఆయన క్రైస్తవుడు, అబ్బాసీ ఖలీఫాల ఆదరణలో పనిచేశాడు. ఆ గ్రంథాన్ని ఆయన మేనల్లుడు హుబైష్ పూర్తిచేశాడు. దాని సంక్షిప్త రూపం లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపా వైద్యవిద్యార్థులకు శతాబ్దాల పాటు తొలి పాఠ్యపుస్తకమయింది. అయితే ప్రశ్నతో పాటే జవాబు కూడా రాసి ఇచ్చినప్పుడు విద్యార్థి రెండింటినీ కలిపి వల్లె వేసే అవకాశం ఉంది.

ఈ లోపానికి విరుగుడు అబూబకర్ రాజీ (మరణం క్రీ.శ. 925) బోధనలో కనిపిస్తుంది. రయ్, బాగ్దాదు వైద్యశాలలకు పెద్దగా పనిచేసిన ఈ హకీము కొలువును ఇబ్నె నదీమ్ తన 'అల్ ఫిహ్రిస్త్'లో వర్ణించాడు. రాజీకి దగ్గరగా ఆయన శిష్యులు, వారి తరువాత వారి శిష్యులు, ఆ తరువాత మరికొందరు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి తన బాధను మొదట ఎదురైన వారికే చెప్పుకోవాలి. వారికి తెలిస్తే సరి. లేకుంటే పై వరుసవారికి చెప్పుకునేవాడు. వారికీ అంతుపట్టకపోతే అప్పుడు రాజీ స్వయంగా మాట్లాడేవాడు. ఈ ఏర్పాటులో పాఠమూ పరీక్షా వేరువేరుగా లేవు. ఎవరి తెలివి ఎక్కడి వరకు వచ్చి ఆగిపోయిందో అక్కడున్న అందరికీ తెలిసేది. ఆగిన చోటు నుండే తరువాతి పాఠం సాగేది. వైద్యుణ్ణి ఎలా పరీక్షించాలన్న విషయంపై రాజీ ప్రత్యేకంగా ఒక రచన కూడా చేశాడు.

బాగ్దాదు పరీక్ష

రాజీ చనిపోయిన కొద్ది ఏళ్ళకు, హిజ్రీ 319లో (క్రీ.శ. 931) బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక సామాన్యుడు మరణించాడు. ఈ వార్త ఖలీఫా ముఖ్తదిర్‌కు చేరింది. సినాన్ బిన్ సాబిత్ పరీక్షించి అనుమతి పత్రం ఇచ్చే వరకు ఎవరూ వైద్యం చేయరాదని ఆయన ఆజ్ఞాపించాడు. పేరున్న వైద్యులనూ, ఆస్థాన వైద్యులనూ మినహాయించగా పరీక్షకు వచ్చినవారు 860 మందికి పైగా ఉన్నారని చరిత్రకారులు రాశారు. ఎవరికి ఏ వైద్యం చేతనవునో చూసి సినాన్ దానికి మాత్రమే అనుమతి ఇచ్చేవాడు.

ఒకనాడు చక్కని దుస్తులు ధరించిన ఒక వృద్ధుడు వచ్చాడు. సినాన్ ఆయనను గౌరవంగా కూర్చోబెట్టి, మిగిలినవారు వెళ్ళిన తరువాత, తమ గురువు ఎవరని అడిగాడు. ఆ పెద్దమనిషి దీనారాల పొట్లం తీసి ముందు పెట్టాడు. తనకు చదవడం, రాయడం సరిగా రావని, ఇంటిల్లిపాదీ ఈ వృత్తి మీదే బతుకుతున్నారని, తన జీవనోపాధి తీయవద్దని వేడుకున్నాడు. సినాన్ నవ్వి, తెలియని జబ్బు జోలికి పోకూడదని, తేలికపాటి రుగ్మతలకు తప్ప నెత్తురు తీయడం, విరేచనాల మందు ఇవ్వడం చేయరాదని షరతు పెట్టాడు. తాను పానకాలు తప్ప మరేమీ ఎన్నడూ ఇవ్వలేదని వృద్ధుడు బదులిచ్చాడు. మరునాడు ఒక యువకుడు వచ్చాడు. గురువు ఎవరంటే తన తండ్రే అన్నాడు. ఆ తండ్రి ఎవరో కాదు, ముందురోజు వచ్చిన వృద్ధుడే! తండ్రి హద్దు దాటవద్దని చెప్పి సినాన్ అతన్నీ పంపాడు.

ఈ కథ చదివి నవ్వుకుంటాం. కాని ఆలోచించవలసింది ఉంది. సినాన్ పరీక్ష ఆ వృద్ధునికి ఏది తెలుసో, ఏది తెలియదో నిజంగా తేల్చింది; రోగులకు రక్షణ కలిగించింది. అంతవరకు మెచ్చుకోవాలి. అయితే ఆ యువకుడు ఇంకా నేర్చుకోగల వయసువాడు. అతనికి తెలియనిది ఏమిటో తేలిన తరువాత దానిని నేర్పేవారు లేకపోయారు. పరీక్ష హద్దు గీసి ఊరుకుంది. నేటి మన బడులలోనూ ఇదే జరుగుతోంది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లవానిని మందబుద్ధిగా లెక్కగట్టి వెనుక బల్లకు పంపుతాం. అతను ఎక్కడ పొరబడ్డాడో వెదకం.

ఇబ్నె ఖల్దూన్ హెచ్చరిక

పరీక్షలు క్రమంగా కట్టుదిట్టమయ్యాయి. క్రీ.శ. 1208లో మరణించిన అబ్దుల్ అజీజ్ సులమీ వైద్యులను పరీక్షించడానికి పది అధ్యాయాల గ్రంథం రాశాడు. నాడి, జ్వరాలు, మందులు, కంటి వైద్యం, శస్త్రచికిత్స వంటి విషయాలపై అధ్యాయానికి 20 చొప్పున ప్రశ్నలు, జవాబులు అందులో ఉన్నాయి. అయినా కంఠస్థం చేసే జాడ్యం విద్యారంగాన్ని వదలలేదు. క్రీ.శ. 1377లో 'ముఖద్దిమా' రాసిన ఇబ్నె ఖల్దూన్ తన కాలపు మొరాకో మదరసాలను తీవ్రంగా విమర్శించాడు. అక్కడి విద్యార్థులు ఏళ్ళ తరబడి దర్సులకు హాజరవుతారు, కాని నోరు మెదపరు, చర్చించరు, అవసరానికి మించి కంఠస్థం చేస్తారు. అందుకే ట్యూనిస్‌లో ఐదేళ్ళు పట్టే చదువుకు అక్కడ పదహారేళ్ళు పడుతోందని వాపోయాడు. మాట్లాడడం, వాదించడం ద్వారానే విద్య స్వాధీనమవుతుందని ఆయన అభిప్రాయం.

మౌనం రెండు రకాలని ఇప్పుడు మనకు స్పష్టమవుతుంది. అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)ది తెలిసి కూడా బిడియపడిన మౌనం. మొరాకో విద్యార్థులది బోధపడని మౌనం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అడిగి తెలుసుకోవలసిన బాధ్యత గురువుదే.

మన పిల్లల విషయంలో మూడో రకం మౌనం కూడా ఉంది. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించింది. తెలిసిన భాషలో శాస్త్రం బాగా తలకెక్కుతుందన్నది దాని స్థాపకుల నమ్మకం. ఆ నగరంలో ఉర్దూ కన్నా తెలుగు ఇంటిభాషగా ఉన్న విద్యార్థులకు ఆ సౌకర్యం కలగలేదన్నదీ నిజమే. నేడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే బాలిక ఆంగ్లంలో విజ్ఞానశాస్త్రం పరీక్ష రాస్తుంది. ఆమె జవాబు తప్పితే, తప్పింది శాస్త్రమా, భాషా? మంచుగ్లాసు ప్రశ్నను ఆమె ఇంటిభాషలో ఒకసారి అడిగి చూస్తేనే తెలుస్తుంది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ పని రేపటి నుండే మొదలుపెట్టవచ్చు. పిల్లలు బడి నుండి రాగానే ఎన్ని మార్కులని అడిగే ముందు, ఈరోజు నేర్చుకున్నది నీ మాటల్లో చెప్పమని అడగాలి. చెప్పింది తప్పయితే కోపగించుకోకుండా, అలా ఎందుకు అనుకున్నావని మరొక ప్రశ్న వేయాలి. ఆ బాగ్దాదు యువకుణ్ణి అడగవలసి ఉండి ఎవరూ అడగని ప్రశ్న అదే.