నిలువనీడ లేని మాజీ సైనికులు - సోషల్ వర్కర్ల పాత్ర: అమెరికా చరిత్ర నుంచి ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
యుద్ధ చరిత్రలు సాధారణంగా సంధి పత్రాలతో ముగుస్తాయి. సైనికుని జీవితం అక్కడితో ముగియదు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికుల్లో పలువురు 1980వ దశకంలో నగర వీధుల్లోనూ తాత్కాలిక ఆశ్రయాల్లోనూ కనిపించారు. వీరి దుస్థితిని వ్యక్తిగత వైఫల్యంగా భావించిన దృష్టిని మార్చడంలో సోషల్ వర్కర్ల పాత్ర ఎట్టిదో సారా హేలీ వృత్తి జీవితం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సారా హేలీ - వినడం అనే పద్ధతి:
అమెరికా మాజీ సైనికుల శాఖలో సోషల్ వర్క్ విభాగం 1926లో ఏర్పడింది. 1969 సెప్టెంబరులో హేలీ బోస్టన్‌లోని ఆ శాఖ ఆసుపత్రిలో చేరారు. తొలి రోజే ఒక మాజీ సైనికుడు, తన దళం వియత్నాంలో ఒక గ్రామంలోని స్త్రీలను, పిల్లలను చంపిందనీ, తాను కాల్చలేదనీ, తోటివారు తనను చంపుతామని బెదిరించారనీ చెప్పాడు. వైద్య బృందం దీనిని భ్రమగా తలచి స్కిజోఫ్రీనియాగా నిర్ధారించింది. హేలీ మాత్రం అతని మాట నిజమని వాదించారు. మై లై మారణకాండ పత్రికల్లో వెలువడింది ఆ ఏడాది నవంబరులోనే.

ఆ బృందం పొరపాటుకు నేపథ్యం ఉంది. 1952 నాటి మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథంలో తీవ్ర ఒత్తిడికి సంబంధించిన నిర్ధారణ ఉండగా, 1968 నాటి రెండవ కూర్పు దానిని తొలగించింది. పేరు లేని వ్యాధికి పరిహారం పొందడం కష్టం. పరిహారం లేనివానికి అద్దె ఇల్లు నిలుపుకోవడం మరింత కష్టం. హేలీ 1974లో ఈ అనుభవాలపై వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. చాయిమ్ షాటన్, రాబర్ట్ జే లిఫ్టన్ తదితరులతో కలిసి కృషి చేశారు. 1980 నాటి మూడవ కూర్పులో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ చోటు చేసుకుంది.

నిర్ధారణ నుంచి నివాసానికి:
వ్యాధికి పేరు దొరికినంత మాత్రాన తలదాచుకొనే చోటు దొరకలేదు. గౌరవప్రదం కాని పద్ధతిలో సైన్యం నుంచి విడుదలైన వారికి అనేక సదుపాయాలు అందలేదు. 1987లో మెకిన్నీ చట్టం వచ్చింది. 1992లో గృహ, మాజీ సైనికుల శాఖలు కలిసి అద్దె వోచరునూ సోషల్ వర్కర్ల పర్యవేక్షణనూ జోడించిన పథకం ప్రారంభించాయి. 2008లో అది విస్తరించింది. మత్తు మానితేనే ఇల్లు అనే నిబంధన స్థానంలో, 2012లో మాజీ సైనికుల శాఖ ‘ముందు ఇల్లు’ విధానాన్ని స్వీకరించింది. ఒక రాత్రి గణనలో 2010లో 74 వేలకు పైగా ఉన్న నిరాశ్రయ మాజీ సైనికుల సంఖ్య 2024లో 33 వేలకు లోపుగా నమోదైంది.

ముగింపు:
హేలీ ఈ గృహ పథకాల రూపకర్త కారు. సంఖ్య తగ్గడానికి ఒకే కారణాన్ని చూపడమూ శాస్త్రీయం కాదు. అయినా రెండింటిలోనూ ఒకే సూత్రం గోచరిస్తుంది. మాజీ సైనికుడు తన యోగ్యతను ముందుగా నిరూపించుకోవాలన్న షరతును హేలీ మాట విషయంలో తొలగించారు, నూతన విధానం ఇంటి విషయంలో తొలగించింది. వైద్యుల, చట్టసభల నిర్ణయాలతోపాటు ఆసుపత్రి గదిలో రోగి మాట విన్న సోషల్ వర్కరును కూడా యుద్ధానంతర చరిత్రలో ఆధారంగా స్వీకరించవలసి ఉంది.