పొదిలికి పడమట పులుల అడవి

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు పిల్లలకు జూ అంటే తిరుపతే. వెంకన్న దర్శనం చేసుకుని వచ్చేటప్పుడో, బడివాళ్లు తీసుకెళ్లే విహారయాత్రలోనో చూస్తారు. 1987లో మొదలైన ఆ జంతు ప్రదర్శనశాలలో కందకం అవతల నిలబడ్డ పులిని చూసి, ఇంటికొచ్చి వారం రోజులు చెప్పుకుంటారు. బోను, కందకం ఏమీ లేని పులులు మాత్రం వాళ్ల ఊళ్లకు పడమటనే ఉన్నాయి. మార్కాపురం దాటి దోర్నాల చేరితే నల్లమల మొదలైనట్టే.

ఒకే జిల్లాగా బతికినా ఈ ఊళ్లకు అడవితో ఉన్న చుట్టరికం ఒకటి కాదు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. మెట్ట చేలు, వానకోసం ఎదురుచూపు పొదిలి వైపు బతుకు. అడవి, ఘాటు దారి, గూడేలు గిద్దలూరు వైపు బతుకు. రెంటినీ కలిపింది శ్రీశైలం మల్లన్న. శివరాత్రికి కాలినడకన వెళ్లే జనం దోర్నాల దారిలోనే అడవిలోకి అడుగుపెడతారు.

ఆ అడవి ఒకప్పుడు వేటగాళ్లది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం వచ్చాక నల్లమల ప్రభుత్వ రిజర్వు అయింది. అదే దశాబ్దంలో నంద్యాల నుంచి గిద్దలూరు వైపు కొండల్ని తొలిచి మీటరు గేజి రైలు వేశారు. బొగద సొరంగం, దొరబావి వంతెన అప్పటివే. రైలు వచ్చాక కలప, వెదురు బయటికి పోవడం తేలికైంది, తుపాకీ పట్టినవాళ్లు లోపలికి రావడమూ తేలికైంది. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ ఈ దారిలోని చలమ స్టేషన్ పరిసరాల్లో మనిషిని మరిగిన పులి గురించి రాశాడు. పులిని చంపినవాడికి సర్కారే బహుమానం ఇచ్చిన కాలం అది. అడవిదున్నలైతే పంతొమ్మిదో శతాబ్దం దాటకుండానే ఇక్కడ కనుమరుగయ్యాయి.

మలుపు 1970లలో వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని ప్రకటించారు, 1983లో దాన్ని ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. కర్నూలు, ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఆ అడవి అప్పటికి దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్‌గా తెలంగాణకు వెళ్లింది.

గిద్దలూరు వైపు మరో పేరు గుర్తుపెట్టుకోవాలి: గుండ్ల బ్రహ్మేశ్వరం. గుండ్లకమ్మ పుట్టేది అక్కడే. ఆ ఏటి మీదే గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కంభం చెరువు కట్టించిందని చెప్పుకుంటారు. 1990లో ఆ అడవినీ అభయారణ్యం చేశారు. కంభం ఆయకట్టు రైతు తన మడిలోకి పారే నీటి పుట్టుక పులులు తిరిగే చోట ఉందని తెలుసుకుంటే, అభయారణ్యం ఎవరికోసమన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం జవాబు చెంచుల దగ్గర ఉంది.

పులికి అడవి రాసివ్వకముందు నుంచీ వాళ్లు అక్కడివాళ్లు. తేనె, బంక, గడ్డలు, ఉసిరికాయలు వాళ్ల జీవనం. అహోబిలం నరసింహస్వామి వాళ్ల ఇంటి అల్లుడు. అభయారణ్యం గీతలు గీసినప్పుడు వాళ్ల గూడేలు లోపలే ఉండిపోయాయి, పాలుట్ల లాంటివైతే నడి అడవిలోనే ఉన్నాయి. ఖాళీ చేసి బయటికి రమ్మనే మాట అప్పటినుంచీ వాళ్ల తలమీద వేలాడుతూనే ఉంది. నక్సల్ ఉద్యమం బలంగా ఉన్న ఏళ్లలో అటవీ సిబ్బందికే లోపల తిరగడం కష్టమైంది. ఇటు పోలీసులకూ అటు దళాలకూ మధ్య నలిగింది గూడేలే.

ఆ గడ్డుకాలం గడిచాక పులులు నిలదొక్కుకున్నాయంటే కారణం కాగితం మీది చట్టం ఒక్కటే కాదు. బేస్ క్యాంపుల్లో రాత్రింబగళ్లు కాపలా ఉండేవాళ్లలో ఎక్కువమంది చెంచులే. పాదముద్ర చూసి జంతువు ఎటు పోయిందో చెప్పేదీ, కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చూపించేదీ వాళ్లే. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు గనుక ఆ ఫోటోలతోనే లెక్క తేలుతుంది. 2018 జాతీయ అంచనాలో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులు, 2022లో 63. 2024లో ఆత్మకూరు డివిజన్ బైర్లూటి వైపు ఒక అడవిదున్న కూడా కనిపించింది.

పులికోసం మనుషులు సర్దుకున్న సందర్భాలూ ఉన్నాయి. పశ్చిమ ప్రకాశం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రావాల్సింది ఈ అడవి కిందనుంచే. దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలకు అడవి మధ్యలో ఎక్కడా గొయ్యి తవ్వకూడదు గనుక ఒక కొసనుంచే యంత్రంతో తొలుచుకుంటూ పోయారు. శ్రీశైలం ఘాటులో రాత్రి తొమ్మిది దాటాక వాహనాలు ఆపేయడమూ అలాంటిదే. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర తెల్లవారేదాకా కాచుకుని ఉండే ప్రయాణికుడు విసుక్కుంటాడు. ఆ కొన్ని గంటలైనా దారి దాటే జంతువులకు దక్కాలి కదా.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జీపు సఫారీ నడుపుతోంది. వానాకాలంలో మూసేస్తారు. పులి కనబడుతుందన్న హామీ లేదు. చుక్కల దుప్పులు, నెమళ్లు, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి కనబడతాయి. పులి కనబడలేదని డబ్బు దండగ అనుకోవడం తగదు, అది మనకోసం పెట్టిన ఆట కాదు.

పొదిలి బడులు ఏడాదికొకసారైనా పిల్లల్ని తిరుపతికి బదులు తుమ్మలబైలు తీసుకెళ్లాలి. వెంట వచ్చే చెంచు యువకుణ్ణి మాట్లాడనివ్వాలి, పిల్లలచేత ప్రశ్నలు అడిగించాలి. పెద్దలు అడగాల్సినవి వేరే ఉన్నాయి: టికెట్ డబ్బులో గూడేనికి ఎంత చేరుతోంది, 2006 అటవీ హక్కుల చట్టం కింద రావాల్సిన పట్టాలు అందరికీ వచ్చాయా అని. శివరాత్రికి వెళ్లేవాళ్లు ఘాటులో ప్లాస్టిక్ కవరు విసరకండి, కోతులకు తిండి పెట్టకండి.