ఆవణి కొండ - రెండు చెరువులు

మన పాఠశాల డెబ్బది ఐదు వసంతాలు పూర్తి చేసుకొన్న శుభసందర్భాన వెలువడుతున్న ఈ సంచికకు చరిత్రపై ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరారు. ఎక్కడో దూరాన ఉన్న సామ్రాజ్యాల గురించి వ్రాయడం కంటే, రాయల్పాడు నుండి తెల్లవారి బయలుదేరి చీకటి పడేలోగా తిరిగి రాదగిన ఒక కొండను గురించి వ్రాయడం మేలనిపించింది. అది ముళబాగిలు తాలూకాలోని ఆవణి కొండ. పూర్వ విద్యార్థులకు ఆ పేరు వినగానే విహారయాత్ర, చిత్రాన్నం పొట్లాలు, వాటికోసం వెంటపడిన కోతులు గుర్తుకు రావచ్చు. ఆ కొండ చెప్పే పాఠాన్ని మాత్రం నేను చాలా ఆలస్యంగా నేర్చుకొన్నాను.

ముళబాగిలు దాటి కొంత దూరం పోగానే, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న బండరాళ్ళతో ఆవణి కొండ కనబడుతుంది. ఊరి ప్రక్కన దేవాలయ సముదాయం, కొండపైన సీతాదేవి గుడి. ఎక్కుతున్నకొద్దీ గాలి చల్లబడుతుంది. పైకి చేరిన పిల్లలు మొదట తమ ఊరు ఏ దిక్కున ఉన్నదోనని వెదుకుతారు.

ఈ కొండపై వాల్మీకి మహర్షి ఆశ్రమం ఉండేదనీ, సీతమ్మ ఇక్కడనే లవకుశులను కన్నదనీ స్థలపురాణం. సంతానం కోరే స్త్రీలు నేటికీ ఆ తల్లి గుడికి వచ్చి మ్రొక్కుకొంటారు. ఈ క్షేత్రాన్ని దక్షిణ గయ అని కూడా పిలుస్తారు. పురాణాన్ని పురాణంగానే గౌరవించాలి. శాసనాలతో సరిపోల్చి తప్పొప్పులు ఎంచవలసిన పని లేదు. అయితే ఒక ఉపాధ్యాయురాలిగా ఆ కథలో నన్ను ఆకర్షించేది మరొకటి ఉన్నది. తండ్రి చెంత లేని ఇద్దరు పిల్లలను ఒక గురువు చేరదీసి, విద్య నేర్పి, నిండుసభలో నోరు విప్పి పాడగలవారిగా తీర్చిదిద్దాడు. పాఠశాల చేయవలసిన పని అంతకంటే వేరే ఏమున్నది?

ఇక శాసనాలు చెప్పే చరిత్రకు వద్దాము. కొండ క్రింద ఒకే ప్రాకారంలో రామేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర ఆలయాలు ఉన్నాయి. వీటిలో లక్ష్మణేశ్వరాలయం శిల్పసంపదలో మిన్న. ఇవి ప్రధానంగా నొళంబ రాజుల కాలంలో, అనగా వెయ్యేళ్ళకు పూర్వం రూపుదిద్దుకొన్నాయి. చోళ, విజయనగర కాలాలలో మరికొన్ని చేర్పులు జరిగాయి. నొళంబుల రాజధాని హెంజేరు. అదే నేటి ఆంధ్రప్రదేశ్ మడకశిర ప్రాంతంలోని హేమావతి. ఆనాడు హేమావతికీ ఆవణికీ నడుమ నేటి రాష్ట్రాల హద్దు లేదు. ఇంట తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుకొంటూ పెరిగిన మనకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు.

ఈ శాసనాలను వెలుగులోనికి తెచ్చిన బెంజమిన్ లూయీ రైస్ దొర కూడా మొదట బడిపంతులే. ఆయన 1837లో బెంగళూరులో జన్మించి, అక్కడి హైస్కూలులో ప్రధానోపాధ్యాయుడై, ఆపైన మైసూరు విద్యాశాఖలో పనిచేశాడు. బడుల తనిఖీకై గుర్రంపై ఊరూరా తిరుగుతుండగా పొలాలలో, గుడి గోడలపై కనబడిన శాసనాలు ఆయనను ఆకర్షించాయి. మన కోలారు జిల్లా శాసనాల సంపుటం 1905లో వెలువడింది. బడులు చూడబోయిన మనిషి మనకు మన చరిత్రనే చూపించాడు.

ఆవణి శాసనాలలో పదవ శతాబ్దానికి చెందినదొకటి త్రిభువనకర్త అనే తపస్విని పేర్కొంటుంది. ఆయన నలభై సంవత్సరాలు ఆవణి స్థానాన్ని పాలించి, యాభై దేవాలయాలను, రెండు పెద్ద చెరువులను నిర్మింపజేశాడట. ఒక యాత్రలో ఈ విషయం చెబుతుంటే ఏడవ తరగతి విద్యార్థిని ఒకతె లేచి, "మేడమ్, సామి గుళ్ళు కట్టినాడు సరే, చెరువులెందుకు కట్టినాడు?" అని అడిగింది. ఆ క్షణాన నాకు సరియైన సమాధానం తోచలేదు. "కొండపైకి పోయి చూద్దాం రా" అన్నాను.

పైనుండి చూస్తే సమాధానం కళ్ళ ఎదుటనే ఉన్నది. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు సైతం వానలు కురిసినప్పుడే పారుతుంది. బండపై పడిన వాన నీరు ఇంకదు, జారిపోతుంది. జారే నీటికి కాలువ తీసి, పల్లంలో కట్ట వేస్తే చెరువు. నిండిన చెరువు మొరవ పారితే ఆ నీరు దిగువ ఊరి చెరువుకు చేరుతుంది. తూము తెరచి ఏ మడికి ఎంత నీరు విడవాలో చూడడానికి నీరుగంటి ఉండేవాడు. కనుక కొండ అంటే కేవలం కంటికి ఇంపైన దృశ్యం కాదు. అది చెరువుకు తల. ఆ తపస్వికి గుడీ చెరువూ రెండు వేర్వేరు ధర్మకార్యాలుగా తోచి ఉండవు.

కొండ దిగుతూ పిల్లలను "మీ ఊరి చెరువు గురించి చెప్పండి" అన్నాను. "అక్కడ క్రికెట్ ఆడుకొంటాం మేడమ్" అన్నారు ఇద్దరు ముగ్గురు, ఎంతో సంతోషంగా. ఆ మాట నేటికీ నన్ను బాధిస్తూనే ఉన్నది. కాలువలు పూడిపోయాయి, కట్టలపై జాలి పెరిగింది; నీటి కోసం వెయ్యి అడుగులు దాటి బోర్లు వేయించి అప్పులపాలైన కుటుంబాల పిల్లలే మన తరగతి గదులలో కూర్చొని ఉన్నారు. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగళ - చల్లఘట్ట లోయ పథకం క్రింద మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఎండిన చెరువులలో నీరు నిలవడం మేలే. ఆ నీటిని ఇంకా మెరుగుగా శుద్ధిచేయాలని రైతులు కోరడమూ న్యాయమే. కానీ నగరం నుండి నీరు తెచ్చుకొన్నా, మన కొండపై కురిసిన వాన మన చెరువుకు చేరే దారిని మూసివేసుకోవడం వివేకం కాదు.

అందుచేత తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. ఈ వజ్రోత్సవ వత్సరంలో ప్రతి విద్యార్థీ తన ఊరి చెరువు చరిత్రను రెండు పుటలలో వ్రాయాలని సంకల్పించాము. ఆ చెరువుకు ఏ కొండ నీరు వచ్చేది, తూము ఎక్కడ ఉన్నది, చివరిసారి మొరవ పారింది ఎప్పుడు, నీరుగంటి పని ఎవరి ఇంటివారిది - ఇవి పాఠ్యపుస్తకాలలో దొరకవు. మీ జ్ఞాపకాలలో ఉన్నాయి. పిల్లలు వచ్చి అడిగినప్పుడు విసుగుకొనక చెప్పండి. వీలైతే వారి చేయి పట్టుకొని కట్టపైకి తీసుకొని వెళ్ళండి.

ఆవణిలో ప్రశ్న అడిగిన ఆ బాలిక తన రెండు పుటలను అందరికంటే ముందుగా తెచ్చి ఇచ్చింది. వాటిని బడి గ్రంథాలయంలో భద్రపరచాము. తక్కినవి వాటి ప్రక్కన చేరే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.