జంక్షన్: కలిపే మాట

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే బస్సులో కండక్టర్ "జంక్షన్, జంక్షన్" అని కేకేస్తే, ముందు "హనుమాన్" అనకపోయినా ఏ ఊరో అందరికీ తెలుసు. జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోట ఆంజనేయస్వామి గుడి ఉంది. స్వామి పేరూ, రోడ్ల కలయికా కలిసి ఊరి పేరయ్యాయి.

లాటిన్‌లో 'యుంగెరె' అంటే కలపడం. దాని నుంచే ఇంగ్లీషు జంక్షన్ పుట్టింది. మనం రోజూ వాడే 'జాయింట్' కూడా ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ ఇంటి బిడ్డే. సంస్కృతంలోని 'యుజ్' ధాతువు దీనికి దగ్గరి చుట్టం. యోగం, సంయోగం, యుగళం అన్నీ అందులోంచి వచ్చినవే. ఎడ్ల మెడ మీది కాడిని సంస్కృతంలో 'యుగం', లాటిన్‌లో 'యుగుమ్' అంటారు.

రైళ్లు వచ్చాక ఈ మాట ఊరూరా తిరిగింది. విజయవాడ, గుడివాడ రైల్వే జంక్షన్లు. హనుమాన్ జంక్షన్ మాత్రం రోడ్ల జంక్షన్. ఇక్కడి రైల్వే స్టేషన్‌కు నూజివీడు పేరే ఉంది.

రోడ్లు కలిసే చోటును విశాఖలో జంక్షన్ అంటారు, బెజవాడలో ఎక్కువగా సెంటర్ అంటారు, హైదరాబాదులో చౌరస్తా అంటారు. అచ్చ తెలుగులో కూడలి. కూడడమంటే కలవడమే. అందుకే జంక్షన్ మన నోట పరాయి మాటలా లేదు. అది చెప్పే భావం మనకు ముందునుంచీ ఉన్నదే. ఈ మాటను హాయిగా వాడుకుందాం, పక్కనే కూడలినీ బతికించుకుందాం.