ఓటరు దాగాడు, ఊరు బయటపడింది

1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా సాగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటరు చేతికిచ్చిన కాగితం మీద అభ్యర్థుల పేర్లూ లేవు, గుర్తులూ లేవు. తెర చాటున అభ్యర్థికొక ఉక్కు పెట్టె, ఆ పెట్టె మీద అతని గుర్తు. నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే ఓటు. పదిహేడు కోట్లకు పైగా ఓటర్లలో చదువురాని వారే ఎక్కువగా ఉన్న దేశానికి సుకుమార్ సేన్ నాయకత్వంలోని ఎన్నికల సంఘం చూపిన దారి అది. ఎంతో ముందుచూపున్న దారి. అయితే అందులో ఒక లొసుగుంది. కాగితం మీద ఓటరు పెట్టే ముద్రంటూ ఏదీ లేదు కాబట్టి దాన్ని పెట్టెలో వేయకుండా కొంగున దాచి బయటికి తెచ్చి అమ్ముకోవచ్చు. కొన్నవాడు అలాంటివి పోగుచేసి తన మనిషి చేత ఒకేసారి వేయించుకోవచ్చు. అందుకే 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి దాదాపు దేశమంతటా గుర్తులన్నీ ఒకే బ్యాలెట్ మీదికి వచ్చాయి. ఓటరు ముద్ర గుద్ది, మడిచి, అందరికీ ఉమ్మడిగా ఉన్న పెట్టెలో వేయసాగాడు.

తర్వాతి కథ తెలిసిందే. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో ఓటింగ్ యంత్రాలు పెట్టారు. చట్టంలో వాటికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను కొట్టేసింది. చట్టం మారాక హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేసిన యంత్రాలు 2004 నాటికి లోక్‌సభ స్థానాలన్నిటికీ చేరాయి. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి పడనివ్వని ఆ యంత్రం, బూత్‌ను ఆక్రమించి గంటలో బ్యాలెట్లన్నీ గుద్దేసే రిగ్గింగ్ పద్ధతిని నిజంగానే దెబ్బతీసింది. చెల్లని ఓట్ల బెడద పోయింది. ఈ మార్పుల చరిత్రను మనం వేగం, నిజాయితీ అనే రెండు కొలతలతోనే చదువుతున్నాం. గోప్యత కొలతతో చదివితే మాత్రం కథ అంత సూటిగా లేదు. ఒక్కో ఓటరు ఎవరికి వేశాడో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఒక్కో ఊరు ఎవరికి వేసిందో మాత్రం అందరికీ తెలుస్తోంది.

కాగితాల కాలంలో బెదిరింపుల భయం ఉన్న చోట వేర్వేరు బూత్‌ల బ్యాలెట్లను కలిపేసి లెక్కించే వీలుండేది. యంత్రం వచ్చాక ఆ వీలు పోయింది. ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లో ఫారం 20లో వరుసగా నమోదవుతుంది. మన పల్లెల్లో బూత్ అంటే చాలాచోట్ల ఒక ఊరు, లేదా ఒక వాడ. గెలిచినవాడు ఆ కాగితం ముందు పెట్టుకుంటే, రోడ్డు ఎవరికి వేయాలో, బోరు ఎవరికి ఆపాలో చెప్పడానికి వేరే గూఢచారి అక్కర్లేదు. పోలింగ్ ముందురోజు డబ్బు పంచినవాడికీ తన సొమ్ము ఎక్కడ ఫలించిందో అందులోనే దొరుకుతుంది.

ఊళ్లో ఎవరు ఎటో నాయకులకు ముందే తెలుసు కదా, ఇందులో కొత్తేముంది అని అడగవచ్చు. ఊహకూ, అధికారిక అంకెకూ తేడా ఉంది. ఊహ మీద కక్ష కట్టేవాడికి అనుమానం కొంతైనా అడ్డొస్తుంది, అంకె ఆ అడ్డు తీసేస్తుంది. ఊరు తన గోడు ఒక్కటిగా వినిపించాలంటే బయటపడాలి కదా అన్నది ఇంకో వాదన. 1996లో ఫ్లోరైడ్ నీటి బాధ దేశానికి తెలియాలని నామినేషన్లు వేయడంతో నల్గొండ లోక్‌సభ బరిలో 480 మంది నిలిచారు. 2019లో నిజామాబాద్‌లో రైతుల పోటీతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. కానీ ఆ జనం తమంతట తామే ముందుకొచ్చి పేరు రాయించుకున్నారు. రహస్యంగా వేసిన ఓటు ఊరి పేరుతో బయటికి రావడం వాళ్లు కోరుకున్నది కాదు. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం తనిఖీకి సంబంధించింది. బూత్ లెక్క దాస్తే మోసం ఎలా పట్టుకుంటామని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో చెప్పే ఫారం 17సీ పోలింగ్ రోజే ఏజెంట్ల చేతికొస్తుంది, 2013 నుంచి అంచెలంచెలుగా వచ్చిన, ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే వీవీప్యాట్ చీటీలూ ఉన్నాయి. బూత్ మొత్తం బయట ఉంచి, అభ్యర్థుల వారీ చీలికను మాత్రం మరికొన్ని బూత్‌లతో కలిపి చూపితే తనిఖీ చావదు.

14 బూత్‌ల యంత్రాలను కలిపి ఒకే ఫలితం ఇచ్చే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ బలపరిచింది. కేంద్రం ఒప్పుకోలేదు. దీనికి పార్లమెంటులో కొత్త చట్టం తేనక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలను సవరిస్తే సరిపోతుంది.