కిడ్నీలు, షుగర్, బీపీ: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

నడుం పక్కన నొప్పి వస్తేనో, మూత్రం తగ్గితేనో కిడ్నీలో ఏదో ఉందని తెలుస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. రాళ్ల విషయంలో అది కొంతవరకు నిజమే. కానీ కిడ్నీలు ఏళ్ల తరబడి నెమ్మదిగా పాడయ్యే జబ్బు అలా చెప్పి రాదు. సగానికి పైగా పని తగ్గిపోయినా ఒంట్లో ఏ తేడా తెలియకపోవచ్చు. నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంటుంది. పాదాలు వాచి, ఆకలి చచ్చిపోయి, ఆయాసం మొదలయ్యేసరికి చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది.

అందుకే ఈ జబ్బును లక్షణాలను బట్టి కాకుండా పరీక్షలను బట్టి పట్టుకోవాలి. ఆ పరీక్షలు రెండే: మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్. ఇంట్లో షుగర్ గానీ బీపీ గానీ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఈ రెండూ ఏడాదికి ఒకసారైనా చేయించాలి. మిగతా వ్యాసమంతా ఎందుకు, ఎలా అన్నదాని గురించే.

కిడ్నీలు చేసే పని

వెన్నెముకకు రెండు పక్కలా, పక్కటెముకల కింది భాగంలో, చిక్కుడు గింజ ఆకారంలో పిడికిలంత ఉంటాయి కిడ్నీలు. ఒక్కోదానిలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వీటిగుండా వడకట్టబడుతుంది. అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే వెళ్లి, చివరికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వస్తుంది.

వ్యర్థాలను పంపేయడం ఒక్కటే వీటి పని కాదు. ఒంట్లో ఉప్పు, నీరు, పొటాషియం ఎంత ఉండాలో చూస్తాయి. రక్తపోటును సరిచేస్తాయి. ఎర్ర రక్తకణాలు తయారు కావడానికి కావలసిన హార్మోనును ఇస్తాయి. ఎముకలకు పనికొచ్చేలా విటమిన్ డీని మారుస్తాయి. కిడ్నీ జబ్బు ముదిరినవారికి రక్తహీనత, ఎముకల బలహీనత ఎందుకు వస్తాయంటే ఇందుకే. పోయిన నెఫ్రాన్లు మళ్లీ పుట్టవు. మిగిలినవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది.

షుగర్, బీపీ, పొట్ట: అన్నీ ఒక గొలుసు

కిడ్నీలు పాడవడానికి ప్రపంచమంతటా మొదటి రెండు కారణాలు షుగర్, బీపీ. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నెఫ్రాన్లలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. జల్లెడ కన్నాలు పెద్దవైనట్టు, లోపలే ఉండవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. బీపీ ఆ నాళాలపై ఒత్తిడి పెంచుతుంది. కిడ్నీ దెబ్బతినే కొద్దీ బీపీ ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయన్నమాట.

వీటికి ముందు మెట్టు మెటబాలిక్ సిండ్రోమ్. కింది ఐదింటిలో మూడు ఉంటే అది ఉన్నట్టు లెక్క:

– నడుం చుట్టుకొలత మగవారికి 90 సెం.మీ., ఆడవారికి 80 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువ (ఇది మన దక్షిణాసియా వారికి పెట్టిన కొలత)
– బీపీ 130/85 లేదా పైన
– పరగడుపున షుగర్ 100 లేదా పైన
– ట్రైగ్లిజరైడ్లు 150 లేదా పైన
– మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) మగవారికి 40 కన్నా, ఆడవారికి 50 కన్నా తక్కువ

బరువు తూచుకోవడం కన్నా బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకోవడం మనవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీరాలు మనవి. గుండె, కిడ్నీ, షుగర్ జబ్బులను విడివిడిగా కాకుండా కలిపి చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో ఈ మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టింది.

చెన్నై లెక్కలు చెప్పేది

ఈ విషయంలో మన ఊరి మీద మంచి పరిశోధనే జరిగింది. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2001లో ‘క్యూర్స్’ అనే సర్వే మొదలుపెట్టి, చెన్నైలో 20 ఏళ్లు నిండిన 26,001 మంది వివరాలు సేకరించింది. 1989లో నగరంలోని పెద్దవారిలో 8.3 శాతం మందికి షుగర్ ఉంటే, 2004 నాటికి అది 14.3 శాతానికి చేరింది. 2007లో అదే సర్వే నుంచి ఇంకో సంగతి బయటికొచ్చింది. షుగర్ ఉన్నవారిలో 26.9 శాతం మందికి మూత్రంలో ఆల్బుమిన్ కొద్దికొద్దిగా పోవడం అప్పటికే మొదలైంది. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవారు 2.2 శాతం మంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ముదిరినవారు నూటికి ఇద్దరే. ముదరకుండా ఆపగలిగే దశలో ఉన్నవారు నూటికి ఇరవై ఆరుగురికి పైనే. ఏడాదికోసారి పరీక్ష చేయించమనేది ఆ ఇరవై ఆరుగురి కోసం.

పల్లెల్లో చేసి చూపించిన పని

ఇదంతా పెద్ద ఆస్పత్రుల్లోనే సాధ్యమని అనుకోనక్కరలేదు. చెన్నైకి చెందిన నెఫ్రాలజిస్టు డాక్టర్ ఎం.కె. మణి, కిడ్నీ హెల్ప్ ట్రస్ట్ ద్వారా 1990లలో నగరానికి దగ్గర పల్లెల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. సుమారు 25,000 జనాభా. స్థానికంగా చదువుకున్న అమ్మాయిలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. వాళ్లు బీపీ చూసేవారు, మూత్రంలో ప్రోటీన్, చక్కెర ఉన్నాయేమో పరీక్షించేవారు. చక్కెర చూడటానికి వాడింది బెనెడిక్ట్ ద్రావణం. మన ప్లస్ టూ పిల్లలు కెమిస్ట్రీ ల్యాబులో వాడేదే! తేడా కనిపించినవారికి చవకగా దొరికే పాత మందులే ఇచ్చారు. తలకు ఏడాదికి అర డాలరు కూడా ఖర్చు కాలేదు. బీపీ ఉన్నవారిలో అత్యధికులకు అదుపులోకి వచ్చింది. డయాలసిస్ దాకా వెళ్లినవారికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను దగ్గర గడుస్తుంది. ఆ ఖర్చుతో, ఆ కష్టంతో పోలిస్తే ముందు జాగ్రత్త ఎంత చవకో తెలుస్తుంది.

రిపోర్టు చదవడం ఎలా

క్రియాటినిన్: కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరుగుతుంది. అయితే ఈ అంకెను ఒక్కదాన్నే చూసి ‘నార్మల్’ అనుకోకండి. 1.2 ఉందనుకుందాం. 25 ఏళ్ల కుర్రాడికి అది మామూలే. 65 ఏళ్ల నాన్నమ్మకు అదే 1.2 ఉంటే కిడ్నీలు సగం పనే చేస్తున్నాయని అర్థం.

ఈజీఎఫ్‌ఆర్: క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి కలిపి లెక్కకట్టే అంకె. పై ఉదాహరణలో కుర్రాడికి ఇది 86 దాకా, నాన్నమ్మకు 50 దగ్గర వస్తుంది. 90, ఆ పైన మంచిది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 15 కన్నా తగ్గితే డయాలసిస్ గానీ, కిడ్నీ మార్పిడి గానీ మాట్లాడవలసిన దశ. ల్యాబు ఈ అంకె ఇవ్వకపోతే అడగండి.

మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి (యూఏసీఆర్): 30 లోపు ఉండాలి. 30 నుంచి 300 దాకా హెచ్చరిక. 300 దాటితే నష్టం ఎక్కువ. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు తప్పుగా పెరిగి కనిపించవచ్చు కాబట్టి ఒక్క రిపోర్టుకే కంగారు పడక్కరలేదు, మళ్లీ చేయించాలి. ఈజీఎఫ్‌ఆర్ బాగున్నా ఇది పెరగవచ్చు. అందుకే రెండు పరీక్షలూ కావాలి.

హెచ్‌బీఏ1సీ: మూడు నెలల సగటు షుగర్. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ వచ్చే సూచన, 6.5, ఆ పైన షుగర్.

ఆస్పత్రిలో వినిపించే తమిళ మాటలు

మన పెద్దవాళ్లలో కొందరికి రిపోర్టు ఇంగ్లిషులో, డాక్టరు మాట తమిళంలో, అర్థం చేసుకోవడం తెలుగులో. మధ్యలో కొంత జారిపోతుంది. పిల్లలు తోడు వెళ్లినప్పుడు ఈ మాటలు చెప్పి పెట్టండి. సిరునీరగం అంటే కిడ్నీ. సిరునీర్ అంటే మూత్రం. సర్కరై నోయ్ షుగర్ జబ్బు. రత్త అళుత్తం బీపీ. పురదం ప్రోటీన్. వీక్కం వాపు. వెరుం వయిరు అంటే పరగడుపు.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ‘సిరునీరిల్ ఉప్పు’ అని అక్కడ వాడుకలో అంటే చాలాసార్లు ఆల్బుమిన్ అని అర్థం. కూరలో వేసే ఉప్పు కాదు. ఉప్పు తగ్గించి ఊరుకుంటే సరిపోతుందని పొరపడకుండా, ఏ పరీక్షలో ఏ అంకె పెరిగిందో అడిగి రాయించుకోండి.

వంటింట్లో

రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న టీస్పూను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలోనే కాదు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, మిక్చర్ ప్యాకెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో ఉన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. ఆవకాయ మానేయమని తెలుగు ఇంట్లో చెబితే ఎవరూ వినరు! ముద్దముద్దకీ కాకుండా ఒక ముక్కతో సరిపెట్టమంటే వింటారు. మజ్జిగలో, పెరుగన్నంలో పైనుంచి ఉప్పు వేయడం మానితే నాలుక మెల్లమెల్లగా అలవాటు పడుతుంది.

అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం షుగర్‌కు మేలు. కానీ కిడ్నీ జబ్బు ఉందని తేలాక ప్రోటీన్ ఎంత, నీళ్లు ఎంత, పళ్లు ఏవి అన్నది దశను బట్టి మారుతుంది. జబ్బు ముదిరినవారికి కొబ్బరి నీళ్లు, అరటిపండు లాంటి పొటాషియం ఎక్కువున్నవి ప్రమాదం కావచ్చు. ‘లో సోడియం’ ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది. డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. అరటి దవ్వ తినడం మంచిదే గానీ, పాడైన కిడ్నీని అది బాగుచేయదు.

మందుల షాపులో

మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కొని నెలల తరబడి మింగడం కిడ్నీలకు చేటు. షుగర్, బీపీ ఉన్నవారికి ఇంకా ఎక్కువ. లోహ భస్మాలు కలిసిన లేహ్యాలతో కూడా ఇదే ముప్పు. మరోపక్క డాక్టరు రాసిచ్చిన బీపీ మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయన్న భయంతో కొందరు మానేస్తారు. నిజానికి టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి మూత్రంలో ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తాయి. కొత్తగా వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ లాంటివీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి. వీటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపనూ కూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం ఏవి ఆపాలో డాక్టరును వెంటనే అడగండి.

షుగర్, బీపీ లేకపోయినా: ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చుట్టాలున్న కుటుంబాలు చెన్నైలో ఉన్నాయి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగర్, బీపీ లేనివారికీ, పొలం పనిచేసే నడివయసువారికీ కిడ్నీలు పాడవుతున్నాయి. నీరు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నిటిమీదా అనుమానాలున్నాయి గానీ ఒక్క కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఆ మండలాల నుంచి వచ్చినవారు షుగర్ లేదు కదా అని ఊరుకోకుండా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి.

పిల్లల సంగతి

పిల్లలకు ఈ జబ్బు అరుదు. అయినా పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, మూత్రంలో పోని నురగ, ఎర్రటి లేదా టీ రంగు మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించాలి. మూత్రానికి వెళ్లవలసి వస్తుందని బడిలో నీళ్లు తాగకుండా ఉండే పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. బిగబట్టడం వల్ల ఇన్ఫెక్షన్లు వస్తాయి, నీళ్లు తాగకపోతే రాళ్లు ఏర్పడతాయి. కేరళ బడుల్లో 2019లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారు. సాయంత్రం సంచి విప్పినప్పుడు నీళ్ల సీసా ఖాళీ అయిందా లేదా చూడండి. నిండుగా ఉంటే కోప్పడకండి. ఎందుకు తాగలేదో అడగండి, కారణం టాయిలెట్ అయితే క్లాసు టీచరుకు చెప్పండి.

ఎక్కడ చేయించాలి

కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ చూస్తారు. 2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకంలో ఇంటికే వచ్చి చూసి, మందులు ఇస్తారు. రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి, స్టాన్లీ, కీళ్పాక్కం ప్రభుత్వ ఆస్పత్రుల్లో కిడ్నీ విభాగాలున్నాయి. డయాలసిస్, కిడ్నీ మార్పిడి ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కిందికి వస్తాయి. రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధంగా ఉంచుకోండి.

ఈ ఆదివారం పిల్లలు ఒక పని చేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పాత రిపోర్టులన్నీ తీసి, తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టి, ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: బీపీ, హెచ్‌బీఏ1సీ, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ పరీక్ష ఈ నెలలో చేయించండి. చాలా ఇళ్లలో ఖాళీగా ఉండేది ఆ నాలుగో గడే.